ఆయన గురించి ప్రార్థన

అన్నం ముందు కళ్ళు మూసుకోకుండా తినే క్రైస్తవుణ్ణి మా అత్తయ్యగారు అంతకు ముందు ఒక్కసారే చూశారట, అదీ రైల్లో. అలాంటిది కన్నకొడుకే ఆ పని చేస్తుంటే ఆవిడ గొంతులో ముద్ద దిగేది కాదు. ఆయన మాత్రం కంచం ముందు కూర్చోవడం, కలుపుకోవడం, తినడం, చెయ్యి కడుక్కుని లేచిపోవడం. ప్రార్థన లేదు, పాట లేదు, ఇంట్లో మాటే కరువైపోయింది. రాతి గనిలో ప్రమాదం జరిగిన రోజు నుంచీ అదే వరస.

ఇక్కడ "ఆయన" అంటే మావారు. మా కోస్తా వైపు ఆడవాళ్ళం అప్పట్లో భర్త పేరు నోట పలికేవాళ్ళం కాదు. క్రైస్తవులమైనా సరే, ఈ ఒక్క విషయంలో మమ్మల్ని ఏ బాప్తిస్మమూ మార్చలేకపోయింది. చిక్కేమిటంటే, చర్చిలో యేసుప్రభువును కూడా మేము "ఆయన" అనే అంటాం. మామూలు రోజుల్లో దానివల్ల గొడవేమీ లేదు. ఏ ఆయన ఎవరో వినేవాళ్ళకు తెలిసిపోతుంది. నా బతుకులో ఒక్కసారి మాత్రం తెలియలేదు.

డెబ్బైల చివరి మాట. అప్పుడు మేము ఖాజాగూడకూ గచ్చిబౌలికీ మధ్య, గుండ్లనే పెద్ద బండరాళ్ళ పక్కన కట్టిన కిరాయి ఇళ్ళ వరసలో ఉండేవాళ్ళం. ఇవాళ అక్కడ నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుట్టేంత అద్దాల మేడలు. మా మనవడు ఆఫీసు చూపిస్తానని తీసుకెళ్తే, ఎక్కడ నీళ్ళు తోడుకునేదాన్నో చెప్పలేక బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. అప్పట్లో ఎటు చూసినా రాయి, సీతాఫలం పొదలు, దూరంగా చెరువు. ఆ రాయి కోసమే ఒక గుత్తేదారు గని తెరిచాడు. మావారు అందులో సూపర్వైజరు.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. బండకు రంధ్రాలు తొలిచి, వాటిలో మందు కూరి, ఊరివాళ్ళందరినీ దూరంగా పంపి పేలుస్తారు. అన్నీ ఒకేసారి పేలాలి. ఒక్కోసారి ఒకటో రెండో పేలకుండా మిగిలిపోతాయి. అందుకని పొగ తగ్గాక ముందుగా ఒక్కడే మనిషి వెళ్ళి రంధ్రాలన్నీ చూసి, ఇక భయం లేదని విజిల్ ఊదితేనే మిగతా కూలీలు లోపలికి అడుగు పెట్టాలి. ఆ ముందుగా వెళ్ళే ఒక్కడు మావారు. ఈ సంగతి పెళ్ళిచూపుల్లో మాకు చెప్పలేదు. రాతి కంపెనీలో ఆఫీసరు అన్నారంతే.

గనికి ఆదివారం సెలవు లేదు. ఆదివారం చర్చి మానడం మా ఇంట్లో లేదు. అందుకని గుత్తేదారుతో మాట్లాడి ఆయన ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఆదివారం పూట ఆయన పనిని ఆ ఊరివాడే అయిన ఒక రాతిపనివాడు చూసేవాడు. మా వరసలోనే చివరింట్లో ఉండేవాడు, భార్య, ఇద్దరు పిల్లలు. ఒకరి బదులు పని చేసే మనిషిని ఇక్కడ బదిలీ అంటారు. "ఆదివారమొస్తే సారుకు నేను బదిలీ" అని అతను మా గుమ్మం ముందు నవ్వుతూ చెప్పడం నేను చాలాసార్లు విన్నాను.

ఆ నవంబరులో దివిసీమ మీదికి ఉప్పెన వచ్చింది. రేడియోలో వింటుంటే మొదట నాకు అర్థం కాలేదు, సముద్రం ఊళ్ళోకి నడిచి రావడమేమిటని. పేపర్లో ఫొటోలు వచ్చాక అర్థమైంది. మా అత్తయ్యగారి వాళ్ళది రేపల్లె వైపు. అటునుంచి ఎవరైనా వచ్చి మనవాళ్ళు క్షేమం అని చెప్పేదాకా ఆవిడ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. చుట్టాలబ్బాయి ఒకడు వచ్చి అందరూ బతికే ఉన్నారని చెప్పాడు. అప్పుడు ఆవిడ చేతులెత్తి, "దేవుని కృప, మనవాళ్ళు ఎవ్వరికీ ఏమీ కాలేదు" అన్నారు. నేనూ ఊపిరి పీల్చుకున్నాను. ఆ వెంటనే నాకు ఒక వెర్రి ఆలోచన వచ్చింది. అక్కడ కొట్టుకుపోయిన ప్రతివాళ్ళూ ఎవరికో ఒకరికి మనవాళ్ళే గదా, వాళ్ళ విషయంలో ఆ కృప ఎటు పోయింది? ఆవిడ మొహంలో సంతోషం చూసి నోరు మూసుకున్నాను.

మా చర్చి అంటే ఒక రేకుల గది. రామచంద్రాపురం వైపు ఫ్యాక్టరీలో పనిచేసే కుటుంబాలు కొన్ని, ఆఫీసు గుమాస్తాలు కొందరు, మేము. ప్రసంగం చెప్పే అయ్యగారు లింగంపల్లి నుంచి సైకిలు మీద వచ్చేవారు. ఉప్పెన తర్వాతి ఆదివారం గదిలో ఒక మూల బట్టల మూటలు పేరుకున్నాయి. నేను నావి రెండు మంచి చీరలు ఇచ్చాను. అయ్యగారు చచ్చిపోయినవాళ్ళ గురించి చెబుతుంటే గది గదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎన్నడూ చూడని మనుషుల కోసం అంత ఏడుపు వస్తుందని నాకు తెలియదు.

అందరం మోకాళ్ళ మీద ఉన్నాం. గని వైపు నుంచి ఒక చప్పుడు వినిపించింది. గని చప్పుళ్ళు మాకు అలవాటే, ఎవరూ కళ్ళు తెరవలేదు. నేను తెరిచి పక్కకు చూశాను. ఆయన అప్పటికే కళ్ళు తెరిచి ఉన్నారు. పేల్చడం అయిపోయిన చాలాసేపటికి ఒంటరిగా వచ్చే చప్పుడంటే ఏమిటో ఆ గదిలో ఆయనకొక్కరికే తెలుసు. లేచి, చెప్పులు కూడా వేసుకోకుండా, గుండ్ల వైపు పరిగెత్తారు.

పేలకుండా మిగిలిపోయిన మందు, చూడ్డానికి ఆ బదిలీ మనిషి దగ్గరికి వెళ్ళినప్పుడు పేలింది. అతను అక్కడికక్కడే పోయాడు.

ఆ తర్వాతి ఆదివారం అయ్యగారు విశ్రాంతి దినం గురించి ప్రసంగించారు. ప్రభువు దినాన్ని గౌరవించినవాణ్ణి ప్రభువు కనుపాపలా కాచుకుంటాడన్నారు. పేరు చెప్పలేదు గానీ గదిలో తలలన్నీ మా వైపు తిరిగాయి. బయటికొచ్చాక ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని ఊపేశారు. ఎంత అదృష్టవంతురాలివమ్మా, మాంగల్యం నిలబెట్టుకున్నావు అన్నారు. మాంగల్యం అనే మాట మనం అనకూడదని తర్వాత గుర్తొచ్చి ఒకావిడ నాలిక్కరుచుకుంది. ఆయన మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా ముందు నడిచి వెళ్ళిపోయారు, చివరిల్లు తగలకుండా గుండ్ల చుట్టూ తిరిగి.

నాకు సంతోషం లేదా అంటే, ఉంది. పట్టరానంత ఉంది. పొద్దున్నే లేచి ఆయన గురక వినపడితే చాలు, ఒళ్ళు తేలికయ్యేది. వెంటనే చివరింటి ఆమె గుర్తొచ్చి సిగ్గేసేది. సిగ్గుపడినందుకు మళ్ళీ భయం వేసేది. దేవుడిచ్చిన మేలుకు సిగ్గుపడితే, అక్కర్లేదనుకుని వెనక్కి తీసుకుంటాడేమోనని. ఇలా సంతోషం, సిగ్గు, భయం ఒకదాని మీద ఒకటి పడి నా బుర్ర సంతలా తయారైంది.

ఒకరోజు బియ్యం ఏరుతూ అత్తయ్యగారిని అడిగేశాను. "మీ అబ్బాయిని అక్కడినుంచి తప్పించింది దేవుడే అనుకుందాం. మరి ఆ చోట అతన్ని పెట్టింది ఎవరండీ?"

ఆవిడ తల ఎత్తకుండానే అన్నారు. "నీకు ప్రశ్నలు ఎక్కువమ్మాయ్. బియ్యంలో రాళ్ళు చూడు."

అయ్యగారిని కూడా వదల్లేదు. ఆయన బట్టల మూటలతో దివిసీమ వెళ్ళి అప్పుడే తిరిగొచ్చారు. అక్కడ ఏం చూశారో ఎవరికీ చెప్పలేదు. చర్చి బయట సైకిలు గొలుసు ఎక్కించుకుంటూ చేతులు నల్లగా చేసుకుని కూర్చున్నారు. అదే ప్రశ్న అడిగాను. గొలుసు వదిలేసి, తనకూ తెలియదన్నారు. మరి ఆ ఆదివారం అంతా తెలిసినట్టు చెప్పారే అన్నాను. తెలియదని చెబితే జనం వస్తారా అన్నారు. అన్నాక తనే కంగారుపడి, ఈ మాట ఎవరికీ చెప్పకమ్మా అని బతిమాలుకున్నారు. ఆ రోజు నుంచి ఆయన మీద నాకు కోపం పోయింది. నమ్మకం కూడా కొంచెం పోయింది. ఏది ఎక్కువ పోయిందో ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఒక్క సంగతి మాత్రం నన్ను తినేసేది. దివిసీమకు చీరలిచ్చినదాన్ని, చివరింటికి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఒకసారి గిన్నెలో అన్నం, పప్పు పట్టుకుని వెళ్ళాను. మాలో ఎవరైనా పోతే ప్రభువు ఆదరించును గాక అంటాం. ఆమెతో ఏమనాలి? ఆమె దేవుళ్ళు వేరు. పైగా నా మొగుడు బతికున్నాడు. లోపలికి రమ్మంది. గిన్నె గడప మీద పెట్టి, పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి వచ్చేశాను.

అత్తయ్యగారికి ఇవేమీ పట్టలేదు. ఆవిడ బాధ వేరు. ఇద్దరు పిల్లల్ని చిన్నతనంలోనే మట్టిలో పెట్టిన మనిషి. మూడోవాడు మావారు, మిగిలింది ఆయనొక్కరే. మేలు పొంది నోరారా చెప్పనివాడి దగ్గర దేవుడు ఆ మేలును ఉంచడని ఆవిడ నమ్మకం. కొడుకు ప్రార్థన మానేసిన ప్రతి పూటా ఆవిడకు ఇంకో బిడ్డను పోగొట్టుకుంటున్నట్టే ఉండేది. అందుకే ఆ ఏడాది దాటకుండా మా ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాలని పట్టుపట్టారు. మాలో అది మామూలే. రోగం నుంచి లేచినా, ప్రమాదం తప్పినా, పదిమందిని పిలిచి, పాటలు పాడి, ఆ మనిషి లేచి దేవుడు తనకు ఏం చేశాడో సాక్ష్యం చెబుతాడు. తర్వాత భోజనాలు.

ఆయన వద్దమ్మా అన్నారు. అంతకు మించి మాట్లాడలేదు. ఆవిడ కొడుకు ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, పెద్ద ప్రసంగమేమీ అక్కర్లేదని, దేవుడు నన్ను కాపాడాడు అని ఒక్క మాట నలుగురిలో చెబితే చాలని, ఆ తర్వాత తను చచ్చిపోయినా ఫరవాలేదని అన్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి ఆయన లేచి బయటికి పోయారు. వద్దన్నట్టో, సరేనన్నట్టో నాకు అర్థం కాలేదు. అత్తయ్యగారు మాత్రం సరేనన్నట్టే తీసుకుని కోళ్ళు పురమాయించారు.

క్రిస్మస్‌కూ కొత్త సంవత్సరానికీ మధ్యలో కూడిక. ముందురోజు నేను బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే చివరింటి ఆమె బిందెతో వచ్చింది. గిన్నె గడప మీద పెట్టి వచ్చిన రోజు తర్వాత మేము ఎదురుపడి నిలబడటం అదే మొదలు. బొట్టు లేని ఆమె మొహం చూడలేక చేద వైపు చూస్తూ నిలబడ్డాను.

"ఏందమ్మ, మీ ఇంట్ల పందిరేస్తున్నరు?" అంది.

"ప్రార్థన పెట్టుకున్నాం."

"ఎవరి గురించి?"

నిజం చెప్పడానికి నా నోరు రాలేదు, అబద్ధం చెప్పడానికీ రాలేదు. "ఆయన గురించి" అన్నాను.

ఆమె బిందె గట్టు మీద దించింది. తర్వాత, "ఎప్పుడు?" అంది. రేపు సాయంత్రం అన్నాను. "వస్త అమ్మ" అని, బిందె నింపుకోకుండానే ఇంటికి వెళ్ళిపోయింది.

నేను మర్యాదకు అందనుకున్నాను. అయినా ఇంటికి రాగానే అత్తయ్యగారితో చెప్పాను. ఆవిడ పులావులోకి మసాలా నూరుతూ, రానియ్యి, వాక్యం వింటుంది అన్నారు. తన భర్త పోయిన సంగతికి మనం స్తోత్రాలు చెబుతుంటే వినడానికి వస్తుందా అండీ అని అడిగాను. ఆవిడ నూరడం ఆపారు. అతను పోయినందుకు కాదే, వీడు ఉన్నందుకు అన్నారు. రెండూ వేరువేరు సంగతులేనా అని నేను అడగలేదు. అడిగితే పొత్రం నా మీదికే వచ్చేది.

మర్నాడు సాయంత్రం వెలుగుండగానే జనం వచ్చారు. చాపల మీద ఆడవాళ్ళు ఒకవైపు, మగవాళ్ళు ఒకవైపు. మధ్యలో చిన్న బల్ల, దాని మీద తెల్ల గుడ్డ, గ్రంథం. ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల పక్కన కుర్చీలో కూర్చున్నారు. ఆ చొక్కా నేనే వేయించాను. పెళ్ళికొడుకులా ఉన్నారని ఎవరో అంటే ఆయన మొహం ఇంకా మాడిపోయింది.

మొదటి పాట సగంలో ఉండగా ఆమె వచ్చింది. తలకు స్నానం చేసినట్టుంది. ఇద్దరు పిల్లలకూ ఉతికిన బట్టలు వేసింది. చేతిలో పళ్ళెం. పళ్ళెంలో కొబ్బరికాయ, అగరుబత్తీల కట్ట, మోదుగాకుల విస్తరిలో కొంచెం అన్నం. ఆడవాళ్ళ మధ్య నుంచి నేరుగా బల్ల దాకా నడిచి, పళ్ళెం పట్టుకుని అటూ ఇటూ చూసింది. పాట ఒక్కో గొంతే ఆగిపోయింది.

"ఆయన ఫోటువ ఏడ పెట్టిన్రమ్మ?" అంది.

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. నాకు మాత్రం అప్పటికి అర్థమైంది. నేను "ఆయన" అన్నది మా ఆయనను. ఆమె విన్నది వాళ్ళ ఆయనను. వాళ్ళాయన పోయి ఆ రోజుకు నెల. నెల మాసికం. పొద్దున ఇంటి దగ్గర కాకికి పెట్టి, సాయంత్రం మా ఇంటికి వచ్చింది. మా దేవుడి పద్ధతిలో మేము తన మొగుడికి మాసికం చేస్తున్నామనుకుంది.

మా అత్తయ్యగారి గురించి ఒక మాట చెప్పాలి. పక్కింటివాళ్ళు సత్యనారాయణ ప్రసాదం పంపితే గుమ్మం బయటే ఆపి, వినయంగా వెనక్కి పంపేసే మనిషి ఆవిడ. కొట్టిన కొబ్బరి చెక్క మా ఇంట్లో అడుగు పెట్టింది లేదు. ఆవిడ లేచి ఆమె దగ్గరికి వెళ్తుంటే నా ప్రాణాలు పైకే పోయాయి. ఆవిడ ఆమె మొహం వైపు చూశారు, పిల్లల వైపు చూశారు. చూస్తుండగానే ఆవిడకు విషయం తెలిసిపోయింది. రెండు చేతులా పళ్ళెం అందుకుని, ఫొటో లేదమ్మా, ఇలా ఇవ్వు అని, దాన్ని తీసుకెళ్ళి బల్ల మీద గ్రంథం పక్కన పెట్టారు. ఆమెను తన పక్కన చాప మీద కూర్చోబెట్టుకున్నారు.

జనంలో ఒకరిద్దరు గొణిగారు. అయ్యగారు ఆ గొణుగుడు పెరగకుండా ప్రార్థన మొదలుపెట్టారు. తండ్రీ, ఆయన కష్టజీవి, ఆయన ఇంటిని ప్రేమించినవాడు, ఆయనను నమ్ముకున్నవాళ్ళను నీ రెక్కల కింద దాచు అన్నారు. అయ్యగారు ఎవరి గురించి చేస్తున్నారో నాకు తెలియలేదు. మావారి గురించా, చనిపోయిన మనిషి గురించా, మధ్యమధ్య ప్రభువు గురించా? ప్రతి వాక్యమూ ముగ్గురికీ సరిపోతోంది. ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. దివిసీమ వెళ్ళకముందు అయ్యగారు అలా ప్రార్థించగలిగేవారా అంటే నాకు అనుమానమే. అది దయో, తప్పించుకోవడమో కూడా నాకు ఇదమిత్థంగా తెలియదు.

ప్రార్థన అయ్యాక సాక్ష్యం. అది ఆపడం అయ్యగారికీ చేతకాలేదు. అందరూ ఆయన వైపు చూశారు. అత్తయ్యగారు ఒక చేత్తో ఆమె చెయ్యి పట్టుకునే, కొడుకు వైపు చూస్తున్నారు. ఆ చూపులో ఏముందో నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. చెప్పు అని ఉంది, చెప్పకు అని కూడా ఉంది.

ఆయన లేచారు. కుర్చీ వీపు పట్టుకున్నారు.

"ఆదివారాలు నా పని ఆయన చేసేవారు" అన్నారు.

అంతవరకూ మా ఇంట్లో ఆ రాతిపనివాణ్ణి అందరం "అతను" అనేవాళ్ళం. మావారు ఆ ఒక్క మాటే అని కుర్చీలో కూలబడి, ఇస్త్రీ చొక్కా చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చారు. ప్రమాదం జరిగాక ఆయన ఏడవడం అదే మొదటిసారి.

అప్పుడు లేచింది ఆమె. తన మొగుడి కోసం సారు అంత ఏడుస్తున్నాడనుకుంది. అనుకోవడమేమిటి, అది నిజమే గదా. మాలో ఒకరి తర్వాత ఒకరు లేచి మాట్లాడటం పద్ధతని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఊరికే, ఏడ్చే మనిషిని ఊరుకోబెట్టడానికి లేచింది.

"సారు, గిట్ల పరేషాన్ కాకుండ్రి. మీదేం లేదు గిండ్ల" అంది. "ఆదివారమొస్తే మా ఆయన తెల్లంగి ఏసుకునేటోడు. నాయిన పెండ్లికి వోతున్నడని పిల్లలు నవ్వుతుండిరి. మెడల విజిల్ పడ్డదంటే ఇగ మా మాట ఇనకపోతుండె. జర ఊదితే సాలు గదా, ఊరంత ఇనేదాంక ఊదేటోడు. ఇగొ మీ నాయిన అని నేను పిల్లలకు చెప్తుంటి. వారంల గా ఒక్క రోజు మా ఆయన పెద్దమనిషి." జనం వైపు తిరిగింది. "దినాలకు వచ్చిన మా వాళ్ళు మాసికానికి ఒక్కరు రాలె. మీ దేవునికి మా ఆయన ఏం గాడు. అయినా మీరు గింత మంది జమైన్రు."

ఎవరూ ఆమెన్ అనలేదు. మగవాళ్ళ వైపు నుంచి ఎవరో ముక్కు చీదారు. నేను వంటింట్లోకి పారిపోయి, గోడకు ఆనుకుని నిలబడి ఏడ్చాను. అందరూ దయ చూపించడానికి ఆమె దగ్గరికి వెళ్ళాలి గానీ, ఆమె మా ఇంటికి వచ్చి మమ్మల్ని ఓదార్చి వెళ్ళడం ఏ లెక్కలోకి వస్తుందో నాకు తెలియలేదు. ఇప్పుడూ టీవీలో ఏదో దుర్ఘటన చూపించి, దేవుడి దయవల్ల మనవాళ్ళెవరూ లేరని ఇంట్లో ఎవరైనా అంటే ఆ మాట నాకు గుచ్చుకుంటుంది. గుచ్చుకున్నా, ముందు నేను వెతికేదీ మనవాళ్ళ కోసమే.

భోజనాలకు విస్తళ్ళు పరిచాం. పులావు, కోడికూర. మాసికానికి కోడి కోసినందుకు ఆమె సంతోషించింది, ఆయనకు కోడికూరంటే పానం అంది. అత్తయ్యగారు గరిటె పట్టుకుని వచ్చారు. ఆమె తలెత్తి, ఊళ్ళో పెద్దావిడను అడిగినట్టు నిదానంగా అడిగింది.

"పెద్దమ్మ, ఏడాది మాసికానికి గూడ మీరు గిట్లనే పెడ్తరా?"

గరిటె పట్టుకున్న చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఏడాదేడాదీ కొడుకు బతికున్నందుకు కూడిక పెట్టాలని మొక్కుకున్న మనిషి ఆవిడ. కొడుకు వైపు చూశారు. నేనూ చూశాను.

"పెడతామమ్మా" అన్నారు ఆయన.

అయ్యగారు ఆహారం కోసం ఎవరైనా ప్రార్థన చేయండి అన్నారు. అది ఎప్పుడూ ఇంటి పెద్దగా అత్తయ్యగారు చేసేదే. ఆవిడ కళ్ళు మూసుకునేలోపే ఆయన, చేతిలో నీళ్ళ చెంబుతో నిలబడ్డవాడు నిలబడ్డట్టే, కళ్ళు మూసుకున్నారు.

"తండ్రీ, ఆయన లేడు, నేను ఉన్నాను. నువ్వు నన్ను కాపాడావని చెప్పమంటున్నారు. ఈమె ముందు ఆ మాట నా నోటికి రాదు. చెప్పాల్సిందే అయితే ఈమెకు నువ్వే చెప్పు. ఈ అన్నం దీవించు. ఆమెన్."

ఆమెన్ అని అందరం అన్నాం. ఆమె కూడా అంది, పిల్లలతో అనిపించింది. అత్తయ్యగారు అనలేదు. గరిటె నా చేతికిచ్చి, వడ్డించడం నన్ను చూసుకోమని చెప్పి, ఆమె పక్కన విస్తరి వేసుకుని కూర్చున్నారు.